పోలిరాజు గారి నెల

పంతొమ్మిది వందల తొంభై నాలుగవ సంవత్సరం, జూలై పదకొండవ తేదీ, సోమవారం నాడు, ఉక్కు కర్మాగారంలోని స్థిరమైన కొలువుకు రాజీనామా చేసి, దువ్వాడ స్టేషనులో రైలు దిగి, వానలో తడుస్తూ వచ్చి, మన కళాశాల లోహశాస్త్ర విభాగంలో ఉపన్యాసకులుగా చేరిన ఆచార్య పోలిరాజు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు మన విభాగమంటే రేకుల కప్పు కింద రెండు గదులు, వాటిలో వెలగని ఒక కొలిమి. ఆయనతో అందరికంటే ఎక్కువగా వాదించిన సహోద్యోగిని నేనే కనుక, ఈ సంచికకు అభినందన వ్యాసం రాసే గౌరవం నాకు దక్కింది. ఆ వాదనల్లో అధికభాగం నేనే నెగ్గానని ఇక్కడ సవినయంగా నమోదు చేస్తున్నాను. కాదనే ఉద్దేశం ఉంటే ఆయన తమ వీడ్కోలు ప్రసంగంలో చెప్పుకోవచ్చు.

యారాడలో మత్స్యకార కుటుంబంలో జన్మించి, రోజూ కొండ దాటి వచ్చి చదువుకుని, ఎం.టెక్. పట్టా పుచ్చుకునే నాటికి ఆయన ముందు రెండు దారులున్నాయి. పరిశోధన కొనసాగించి అధ్యాపకులు కావడం ఒకటి, పరిశ్రమలో ఇంజనీరుగా చేరడం మరొకటి. ఇంటిల్లిపాదీ రెండవదే కోరారు. ఆయన మారుమాట లేకుండా వెళ్ళి చేరారు, తొమ్మిదేళ్ళు చేశారు, మంచిపేరూ తెచ్చుకున్నారు. అయితే కొత్తగా వచ్చే ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత అప్పగించినప్పటి నుంచి ఆయన సాయంత్రాలు మారిపోయాయి. ఇంటికి వచ్చి చొక్కా విప్పకముందే చిరాకు మొదలు. ఆ పిల్లలకు ఇనుము వేడెక్కితే లోపల ఏమవుతుందో ఎవరూ సరిగా చెప్పలేదన్నదే ఆయన ఫిర్యాదు. ఆయన సతీమణి గంగాభవాని గారు కొన్నాళ్ళు విన్నారు. చివరికి ఒకనాడు, "ఏటండీ, మిల్లు గురించి ఒక్క ముక్క సెప్పరు, ఆ కుర్రోళ్ళకి సదువు సెప్పినోళ్ళని మాత్రం రోజూ తిడతారు. అంత మంటున్నప్పుడు మీరే ఎల్లి సెప్పండి," అన్నారట. ఆ మాట పట్టుకునే ఆయన మన గడప తొక్కారు. బంధువులు మాత్రం ఆయనకు పిచ్చి పట్టిందనే అనుకున్నారు.

వెలగని కొలిమిని వెలిగించడం, లోహ పరీక్షల ప్రయోగశాలను నిలబెట్టడం, ఎం.టెక్. కోర్సును తీసుకురావడం, శాఖాధిపతిగా రెండు పర్యాయాలు అందరి తలనొప్పులనూ తమ నెత్తిన వేసుకోవడం, ఇవన్నీ కళాశాల చరిత్రలో భాగాలే. కానీ పూర్వ విద్యార్థులు ఎక్కడ కలిసినా ముందుగా తలచుకునేది ఇవేవీ కాదు, 'పోలిరాజు గారి నెల'ను. "సార్, పీహెచ్.డీ. చేయమంటారా, ఉద్యోగంలో చేరమంటారా?" అని అడిగిన ప్రతి ఎం.టెక్. విద్యార్థినీ ఆయన ఒక పక్షం పాటు, ఇనుమును కాల్చి కడ్డీలుగా సాగదీసే, తమకు తెలిసిన రోలింగు మిల్లుకు పంపేవారు, మరొక పక్షం రెండవ సంవత్సరం తరగతికి పాఠాలు చెప్పమనేవారు. నెల ముగిశాక ఏది నచ్చిందని విద్యార్థిని అడిగేవారు కాదు. ఇంటివాళ్ళకు ఫోన్ చేసి, "మీ పిల్ల సాయంత్రాలు దేన్ని తిట్టుకుంటంది?" అని అడిగేవారు. నచ్చిందని చెప్పేటప్పుడు మనిషి ఎదుటివాళ్ళ ముఖం చూసి చెబుతాడని, ఇంట్లో తిట్టుకునేటప్పుడు ఎవరి ముఖమూ చూడడని ఆయన సిద్ధాంతం. ఇదేం శాస్త్రీయ పద్ధతని నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఆయన నవ్వి, మరొక ఇంటికి ఫోన్ కలిపేవారు.

నిరుడు ఆ నెల గడిపిన విద్యార్థిని యశస్విని. పద్మనాభం మండలంలోని రైతు కుటుంబం నుంచి వచ్చి, మా హాస్టల్లో ఉంటూ చదువుకున్న ఈ అమ్మాయికి పీహెచ్.డీ. ప్రవేశమూ, అదే రోలింగు మిల్లులో ఉద్యోగమూ ఒకే వారంలో వచ్చాయి. దేనికో ఒకదానికి ఔనంటే రెండవది చేజారిపోతుంది. ఎలాగైనా ఆమెను పరిశోధక విద్యార్థినిగా మా విభాగంలోనే నిలుపుకోవాలని నేను గట్టిగా పట్టుబట్టాను. అంత చురుకైన పిల్ల మళ్ళీ మళ్ళీ దొరకదు మరి!

ఆ పక్షం రోజుల కోసం మిల్లుకు వెళ్ళిన కొత్తలోనే ఆమె చేసిన ఘనకార్యం వినండి. కడ్డీ కొస చీలి బయటకు రావడం చూసి, పరిశీలించి నమూనా తీసుకుంటాను, ఒక్క నిమిషం మిల్లు ఆపమని షిఫ్టు ఇన్‌చార్జి సత్యం గారిని అడిగిందట. ప్రయోగశాలలో స్విచ్ కట్టేసే అలవాటు మరి! ఆయన నోరు వెళ్ళబెట్టి, "మిల్లు ఆపితే కొలిమిలో ఉన్న ఇనుమంతా ఏటవుద్దమ్మా, నువ్వు మోత్తావా?" అన్నారట. అక్కడున్న వాళ్ళందరూ పగలబడి నవ్వారు. పిల్ల చిన్నబోయింది కానీ చీలిన కొసలను ఏరి దాచుకోవడం మాత్రం మానలేదు. తర్వాతి పక్షంలో పాఠాలు చక్కగా చెప్పింది. ఇక ఆమె మాదేనని నేను నిశ్చింతగా ఉన్నాను.

నెల ముగిశాక పోలిరాజు గారు నా ఎదుటా, యశస్విని ఎదుటా, అందరికీ వినిపించేలా, ఆమె తల్లి చిలకమ్మ గారికి ఫోన్ కలిపారు.

"నాకేటి తెలుస్తాది బాబూ!" అందామె. "పిల్లలకి పాటం బాగా సెప్పినానని ఓ రోజు ఫోన్లో సెప్పింది. ఆ తరవాత మల్లీ ఆ పగిలిన కడ్డీల గొడవే. కోసి పారేత్తన్నారంట, ఎందుకు పగిలిందో ఒక్కలూ అడగరంట. అన్నం తిన్నావేటే అంటే కడ్డీ అంటాది!"

"ఎందుకని అడగడమే కదా సార్ పరిశోధన! ఆమె ఉండవలసింది ఇక్కడే," అన్నాను నేను.

"పగులు అక్కడుంది మధులతమ్మా," అన్నారాయన నెమ్మదిగా. "అయినా సెప్పాల్సింది నానూ కాదు, నువ్వూ కాదు."

యశస్విని నా వైపు తిరిగి, "ఇక్కడుంటే వాటి గురించి సదువుతాను మేడమ్. అక్కడుంటే అవి నా కళ్ళ ముందే పగుల్తాయి. నాను ఎల్తాను," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికందిన పిల్లను ఫోన్ చేసి మరీ పంపించేశారని పోలిరాజు గారితో మాటలు మానేశాను. ఆయన రోజూ నా బల్ల మీద టీ గ్లాసు పెట్టి వెళ్ళేవారు. ఆ అలక ఎక్కువ రోజులు సాగలేదు, ఎందుకంటే అలిగి ఉంటే వాదించడానికి వీల్లేదు.

గత నెలలో ఈ సంచిక కోసం ఛాయాచిత్రాలు తీయించుకునే రోజున గంగాభవాని గారు కూడా విభాగానికి వచ్చారు. యశస్విని షిఫ్టు దిగి, బరువైన బూట్లతోనే వచ్చింది. కొలిమిలో ఒక పక్క వేడి సరిగా అందకపోవడం వల్లే కొసలు చీలుతున్నాయని తేల్చిందట. సత్యం గారే దగ్గరుండి ఆ లోపం సరిచేయించారట. చెబుతుంటే ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నా మనసులో మిగిలిన కాస్త కినుకా అప్పుడు పోయింది.

మాటల మధ్యలో, విరమణ తర్వాత ఏం చేస్తారని సార్‌ని యశస్విని అడిగింది. ఆయన ఇబ్బందిగా కదిలారు. ఒక పెద్ద సంస్థ సలహాదారుగా రమ్మంది, కళాశాల గౌరవ ఆచార్యులుగా ఉండమంది. ఇందరికి దారి చూపిన మనిషి, "ఏటి సేయాలో తెలీడం లేదమ్మా," అన్నారు. విరమణ మాట వచ్చినప్పటి నుంచి నాకు దిగులుగానే ఉంది. ఉండిపొండి సార్ అనబోయాను. యశస్విని నాకంటే ముందే గంగాభవాని గారి వైపు తిరిగింది.

"అమ్మా, సార్ ఇంటికొచ్చి దేన్ని తిట్టుకుంటన్నారు?"

ఆమె పకపకా నవ్వారు. "ఇంకేటుంది తల్లీ! ఆ రెండో సంవత్సరం సదివే గుంటల్నే. నిన్న కూడా కంచం ముందు కూకుని, ఒక్కడికీ పటం గీయడం రాదని ఒకటే గోల!"

పోలిరాజు గారు నన్ను చూసి, "మధులతమ్మా, నా విరమణ తరవాత వచ్చే సోమవారం, రెండో సంవత్సరం మొదటి పీరియడు ఎవరిది?" అన్నారు.

"మీదే సార్," అన్నాను. నా కళ్ళు తడిశాయని అక్కడివాళ్ళు తర్వాత చెప్పారు, నేను ఒప్పుకోలేదు. మా నుంచి వెళ్ళిపోయిందని నేను ఏడాదిగా బాధపడిన అమ్మాయే వచ్చి, ఆయనను గౌరవ ఆచార్యులుగా మాకు తిరిగి ఇప్పించి వెళ్ళింది.

ఆచార్య పోలిరాజు గారికి, శ్రీమతి గంగాభవాని గారికి సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయువు, నిండైన సంతోషం కలగాలని విభాగమంతటి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. ఇంకా ఎన్నో ఏళ్ళు ఆయన సాయంత్రం ఇంటికి వెళ్ళి, కంచం ముందు కూర్చుని, మా విద్యార్థులను కడుపారా తిట్టుకోవాలని కోరుకుంటున్నాను.