ఒరిజినల్ డోరు

ఆస్పత్రి పార్కింగ్‌లో ఆగి ఉన్న కారులో భార్యాభర్తలు. అద్దం సగం దించి ఉండటంతో మాటలు బయటికి వినిపిస్తున్నాయి.

“రొమ్ము మొత్తం తీయించేసుకో. పీడా పోతుంది.”

“క్యాన్సర్ తొలి దశలోనే బయటపడింది, గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇస్తే చాలన్నారుగా డాక్టరుగారు.”

“రోజూ రేడియేషన్‌కి నిన్నెవరు తిప్పుతారు? నాకేం పనీపాటా లేదా?”

“బస్సులో వెళ్తాను.”

“ఈ వయసులో అది ఉంటే ఎంత, పోతే ఎంత?”

“మొన్న ఈ కారుకి సొట్ట పడితే డోరు మార్చనివ్వలేదు మీరు. సొట్ట వరకే తీయమని నెల్లాళ్లు షెడ్డు చుట్టూ తిరిగారు.”

“ఒరిజినల్ డోరు పోతే బండికి విలువేముంటుందే?”

“మరి నాకో?”

“బండంటే ఎప్పటికైనా అమ్ముకునేది. నిన్నెవరు కొంటారు?”