మూత తీయకుండా కూర్చోబెట్టిన మనిషి

ఈ సభను నడిపిస్తున్న మన మాదాపూర్ కాలనీ సంఘం అధ్యక్షులు భీమేశ్వరరావు గారికి, ఇక్కడి ఉద్యోగం ముగించుకుని రేపు కాకినాడ వెళ్ళిపోతున్న రాజరాజేశ్వరి గారికి, ముందు వరస పెద్దలకి, వెనక నిలబడి ఉన్న ఆడపిల్లలకి (అక్కడ కుర్చీలున్నాయి, కూర్చోండమ్మా, కాళ్ళు లాగుతాయి) అందరికీ నమస్కారం. నా పేరు కనకలక్ష్మి. నాలుగో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఈ మైకు షాకు కొట్టదు కదా? (నవ్వులు)

రాజరాజేశ్వరి గారి ఆఫీసు ఉన్న ఇంట్లోనే, పైన ఒక గదిలో నేను అద్దెకుంటాను. ఎండతో వంట, ఎండతో వేడినీళ్ళు, పేడతో గ్యాసు, ఇలాంటివి ఇళ్ళలో పెట్టించే ప్రభుత్వ ఆఫీసు అది. మా ఆయన చనిపోయిన ఏడాది ఆవిడ మేడెక్కి వచ్చి నాకొక సోలార్ కుక్కర్ ఇప్పించారు. చూడనివారికి చెబుతాను: అదొక పెట్టె, లోపల నల్లరంగు గిన్నెలు, పైన గాజు మూత, ఎండని లోపలికి కొట్టడానికి ఒక అద్దం. బియ్యం కడిగి పెట్టి, డాబా మీద ఎండకి ఎదురుగా తిప్పి వదిలేస్తే రెండు మూడు గంటల్లో అన్నమవుతుంది.

దాని లాభాలు చెప్పమన్నారు అధ్యక్షులు. చెబుతాను. సిలిండర్ ఇదివరకటికి రెట్టింపు రోజులు వస్తోంది, కిరోసిన్ కోసం రేషన్ షాపు దగ్గర నిలబడే పని తప్పింది, కరెంటు పోయినా పప్పు ఉడుకుతుంది. మబ్బు పట్టినరోజు మాత్రం ఉడకదు, ఆ సంగతి దాచకూడదు. మా పక్కింటి గంగమ్మ చెరువు వైపు పొదల్లోంచి పుల్లలు తెచ్చుకునేది. ఇప్పుడక్కడ బండలు పేల్చి కంప్యూటర్ ఆఫీసులు కడుతున్నారు, పొదలూ లేవు, పుల్లలూ లేవు. ఉన్నన్నాళ్ళు ఆ పుల్లల పొయ్యి పొగకి దాని కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. మనం స్విచ్చి వేసినప్పుడల్లా ఎక్కడో బొగ్గు మండుతుందని, ఆ పొగ ఎక్కడికీ పోదని రాజరాజేశ్వరి గారు చెబితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకు భయాలెక్కువ. ఇంటింటా ఈ పెట్టెలు పెట్టి వేడంతా లాగేసుకుంటే పంటలకి ఎండ చాలుతుందా అని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ నవ్వలేదు. "మనం తీసుకోకపోయినా ఆ సూర్యుడు పంపిస్తూనే ఉంటాడు పిన్నిగారూ, నేల మీద పడి ఊరికే పోతుంది" అన్నారు. నవ్వింది గంగమ్మ. "జర ఊకో కనకమ్మా! నీ గిన్నెడు బువ్వకు సూర్యుడు కరిగిపోతడా ఏంది?" అంది. మొన్న ఆగస్టులో గ్రహణం నాడు నేను పెట్టె మీద గరిక వేస్తే, "ఇగ ఆవకాయ జాడీ పక్కకు దీన్ని గూడ చేర్చినవా?" అని వీధంతా చెప్పింది. ఇక్కడే ఉంది, నవ్వుతోంది చూడండి. (నవ్వులు)

అసలు ఇబ్బంది ఏమిటంటే, నా అన్నం ఉడికేది కాదు. పలుకుగానే ఉండేది. ఉడికిందో లేదోనని ఊరికే మూత తీసి చూసేదాన్ని, లోపలి వేడంతా పోయేది, మళ్ళీ మొదటికి. పెట్టె చెడిపోయిందని ఆఫీసులో ఫిర్యాదు చేశాను. రాజరాజేశ్వరి గారు వచ్చి చూసి, "పెట్టె బాగానే ఉంది పిన్నిగారూ. మిమ్మల్ని దాని దగ్గరికి రానివ్వకూడదు, అంతే" అని, మర్నాటి నుంచి తన క్యారియర్ పైకి తెచ్చుకుని, నా గది గుమ్మంలో అడ్డంగా కూర్చుని తినడం మొదలుపెట్టారు. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చిన్నప్పటి కబుర్లు అడిగేవారు. మా ఆయన తర్వాత నన్ను ఆ కబుర్లు అడిగిన మనిషి ఆవిడే.

అందుకని, ఇంకెవరూ చెప్పని లాభం ఒకటి నేను చెబుతాను. గ్యాసు మీద గుప్పెడు బియ్యం ఇట్టే ఉడికిపోతుంది. ఆ కాస్త సేపటికి ఎవరు వస్తారు, ఎవరు కూర్చుంటారు? ఎండ నిదానంగా వండుతుంది. అంతసేపూ ఎదురుగా ఒక మనిషి ఉండేది.

ఆవిడ స్థానంలో కొత్తగా వచ్చిన ఆఫీసరు శ్యామ్ గారు చాలా మంచి అబ్బాయి. "రిపేరు ఏమైనా ఉంటే చెప్పండమ్మా, వెంటనే పంపిస్తాను" అన్నారు. రిపేరు ఏమీ లేదు నాయనా. మధ్యాహ్నం పూట తీరిక ఉన్నవాళ్ళు ఎవరైనా మా డాబా మీదికి వస్తే బాగుంటుంది. అడగవచ్చో లేదో నాకు తెలియదు, అడిగేశాను.

ఏమిటి గంగమ్మా? "నేనొస్త గని, దినాం బిల్డింగు పనికి పోతున్న గద. ఐతారం వస్త" అంటోంది. సరే, ఆదివారం అయితే ఉంది. మిగతావాళ్ళకి ఆఫీసులు, పిల్లలు. నాకు తెలుసమ్మా, తల దించుకోకండి.

రాజరాజేశ్వరి గారూ, రేపు స్టేషనుకి నేను రాను. టికెట్ ఉందా, పెట్టెకి తాళం వేశారా, ఎక్కవలసిన రైలు ఇదేనా అని అడిగిందే అడిగి మిమ్మల్ని బెదరగొట్టేస్తాను. రైలు కదిలాక ఒక్కదాన్నే బస్సెక్కి వెనక్కి రావాలి, అది నావల్ల కాదు. ఇంతమంది ఉండగా, వీడ్కోలు ఇక్కడే చెప్పేస్తాను. నా మాట ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, చల్లగా వెళ్ళి రండి. సెలవు.