రెండు పేజీల నార్మల్

మధ్యాహ్నం. టైలరు షాపు షట్టరు సగం దించి ఉంది. కుట్టుమిషను ముందు టైలరు, ఎదుట స్టూలు మీద ఆయన భార్య, చేతిలో సూదీ దారం.

“...అదే చెప్తున్నా. రెండు పేజీల రక్తం రిపోర్టు! ఒక్క తప్పు లేదు. బళ్లో నాకెప్పుడూ ఇన్ని మార్కులు రాలేదు, తెలుసా?”

“ఆ కాగితం పక్కన పెట్టండి.”

“ఎందుకు పెట్టాలి? షుగరు నార్మల్. కిడ్నీ నార్మల్. లివరు నార్మల్. ఫ్రేము కట్టించి అద్దం పక్కన తగిలిస్తా. కస్టమర్లు చూస్తారు.”

“ఏమండీ, ఈ బూడిదరంగు ప్యాంటు ఎవరిది?”

“నాదే. తెలీనట్టు అడుగుతావేంటి?”

“వెనక కుట్టు చూశాను. మూడు వరుసలుంది. మూడుసార్లు లోపలికి పట్టారు.”

“గుడ్డ సాగింది.”

“నల్లదీ అంతే.”

“అదీ సాగింది.”

“సాగే గుడ్డలన్నీ మీకే దొరుకుతాయా?”

“టేపు... టేపు పాతదైపోయింది.”

“ఆ టేపుతోనే కదా అందరికీ కుడుతున్నారు! వాళ్లెవరివీ జారట్లేదే?”

“అబ్బ! నేను దొంగతనానికి కూడా పనికిరాను. ముప్పై ఏళ్ల నుంచీ ఇదే పని. పాత కుట్టు ఊడదీయకుండా కొత్త కుట్టేసి దొరికిపోయిన టైలరు ఎవడైనా ఉన్నాడా?”

“నవ్వించకండి.”

“మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే నడుం ఎంతో చెప్పేస్తానా? నాది మాత్రం బస్సెక్కుతుంటే ప్యాంటు జారాక తెలిసింది. అదీ కండక్టరు చెప్తే.”

“ఎంత తగ్గింది?”

“రక్తం మాత్రం...”

“నడుం అడుగుతున్నా.”

“నాలుగంగుళాలు.”

“నాలుగా!”

“నార్మల్ అని రాసుంది కదే!”

“డాక్టరమ్మ ఆవేళ నా ఎదురుగానే చెప్పింది కదండీ. రక్తంలో కొన్నే తెలుస్తాయి, లోపల గడ్డేదైనా ఉంటే రక్తం చెప్పొచ్చు, చెప్పకపోనూ వచ్చు అంది. తిండి సయించట్లేదంటున్నారు కాబట్టి కడుపు స్కాన్ తీయించమంది. చీటీ కూడా రాసిచ్చింది.”

“రాసిచ్చింది.”

“ఏదీ ఆ చీటీ?”

“ఎక్కడో పెట్టాను. నా సంగతి తెలుసుగా, చెవి మీద చాక్‌పీసు పెట్టుకుని షాపంతా వెతికే మనిషిని.”

“మాట మార్చకండి. భయమా?”

“భయమా? నాకా? ఛ!”

“నా మొహం చూసి చెప్పండి.”

“...భయమే.”

“నాకూ భయమేనండీ. రాత్రుళ్లు మీ పక్కటెముకలు చేతికి తగులుతుంటే నాకు నిద్ర పట్టట్లేదు. రేపు షాపు తీయొద్దు. ఇద్దరం వెళ్దాం. స్కాన్ తీయించుకుని వచ్చేద్దాం.”

“స్కాన్ అక్కర్లేదు.”

“మళ్లీ మొదలెట్టారా! ఆ కాగితం నమ్ముకుని...”

“నమ్ముకుని కాదే. స్కాన్ మొన్ననే తీయించుకున్నా. రేపు ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని రమ్మన్నారు.”