ముడుల దారంతో ఆకాశాన్ని కొలిచిన అక్కగారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఆగస్టు ఏడవ తేదీ సోమవారం ఉదయం, మా విమాన కార్యాలయపు విచారణ కిటికీ వద్ద ఉద్యోగంలో చేరిన అక్కగారికి, అప్పటి అధికారి కోటుదొరగారు కాలు విరిగిన కుర్చీని చూపించి, "నెల తిరక్కుండా తనే పోతుందిలే" అని అందరూ వినేలా సెలవిచ్చారు. ఆ కుర్చీనే ఆమె ముప్పై నాలుగేళ్లు అలంకరించారు.

ఏ నగరానికి ఎంత దూరమో, ఎంతసేపో అడిగినవారికి తక్కినవాళ్లు గోడమీది పట్టిక చూపి చేతులు దులుపుకునేవారు. ఆమె మాత్రం సొరుగులోంచి ఎర్రదారం తీసేవారు. ముడికి ముడికి నడుమ అయిదు వందల కిలోమీటర్లు. భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య దాన్ని బిగించి, ముడులు లెక్కించి, ఎదురుగాలికి కాస్త కలిపి ఆమె చెప్పిన వేళకు విమానచోదకులు సైతం తలూపేవారు. కొండలూ సముద్రాలూ ఆ జానెడు దారం కింద ఒదిగిపోవడం చూసి నోరు తెరవనివారు లేరు.

రెండు వేల ఆరులో, ఈ నాలుగు ముక్కలు రాస్తున్న సామాన్ల మేస్త్రీ తమ్ముడు పడమటి నగరంలో ఆసుపత్రి పాలయ్యాడు. ఇక్కడినుంచి వెళ్లవలసిన మందు చల్లదనం తప్పితే పనికిరాదు. పెట్టెలోని మంచు రెండు గంటలే నిలుస్తుంది.

"పదింటికి లేచి పదీ నలభైకి దిగుతుంది. నలభై నిమిషాల భాగ్యానికి ఇంత హడావుడేంట్రా?" అన్నారు కోటుదొరగారు.

అక్కగారు దారం బిగించారు. మూడు ముడులు దాటింది.

"ఏం లెక్కండీ ఇది! అక్కడి గడియారం మనకన్నా రెండు గంటలు వెనక. గాల్లోనే రెండు గంటల నలభై నిమిషాలు. దిగేసరికి మంచు కాదు, నీళ్లు!"

"మీ మంచు కోసం విమానం ఆగదు," అన్నారు దొరగారు.

"అయితే ఈ కిటికీలో మీరే కూర్చోండి. ఒరే మేస్త్రీ, నిలబడి ఏడుస్తావేం? చేపల సరుకు గదిలో బోలెడు మంచుంది. పెద్దపెట్టె నింపుకురా, పరిగెత్తు!"

అంటూనే ఆమె చోదకునికి ఫోను చేశారు. విమానం పన్నెండు నిమిషాలు ఆగింది. మందు చల్లగా చేరింది. పద్దెనిమిది వందల కిలోమీటర్ల ఆకాశం ఒక ఆడమనిషి వేళ్ల మధ్య నాలుగు ముడులైనా కాలేదన్న ఆశ్చర్యం మేస్త్రీకి నేటికీ తీరలేదు. ఆ తమ్ముడు అక్కగారి ఈ పదవీ విరమణ సంచికను తన పిల్లల చేత చదివించుకుంటాడు.

జాప్యానికి బాధ్యురాలని రాసి కోటుదొరగారు ఆమెకు రావలసిన పదోన్నతిని శాశ్వతంగా ఆపించారు. మేస్త్రీ దొరగారిని తిట్టబోతే ఆమె నవ్వేశారు. "పోనీలేరా, ఆ పెద్దకుర్చీకి మాత్రం నాలుగు కాళ్లూ ఉంటాయని ఏం నమ్మకం?"

ఆమె నవ్వారు గానీ మేస్త్రీ మరిచిపోలేదు. అక్కగారు ఆయురారోగ్యాలతో, మనవల మధ్య నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఆపైన, ఒక ప్రాణం నిలిపినందుకు ఆమె పేరిట నేరంగా రాసిన ఆ పన్నెండు నిమిషాలు కూడా.