శ్రీదుర్గకు తగ్గ బండి

బండి కొనుక్కుని నేర్చుకోవాలని వచ్చిన శ్రీదుర్గ ఇంట్లో అందరికంటే పొడుగు. నర్సీపట్నం షోరూంలో ఆమె ఎక్కి కూర్చున్న మూడో బండికీ తండ్రి తల అడ్డంగానే ఊపాడు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

“చిన్న బండి హ్యాండిల్ తిప్పితే మోకాలికి తగుల్తంది నాన్నా! దీనిమీద హాయిగా ఉంది. దీనికేటయింది?”

“బరువెక్కువ.”

“మొయ్యాల్సింది నేను కదా!”

“రంగు బాలేదు.”

“రంగా? పొద్దున్నుంచీ ఇదే వరస! అసలు సంగతి సెప్పు.”

తండ్రి గొంతు తగ్గించాడు. “నేర్పాల్సింది నాను కదే. నువ్వు టీకెళ్ళినప్పుడు ఎక్కి సూశాను. కాళ్ళు నేలకందలేదు.”

“అయితే ఎనక కూకుని నేర్పు. కాళ్ళు నేనానిస్తాను.”

“ఎనక్కెక్కాలన్నా నిచ్చెన కావాలే, తాటిచెట్టూ!” అని విసుక్కుంటూనే కూతురి భుజం పట్టుకుని వెనక ఎక్కడానికి కాలెత్తాడు.