చింతాద్రిపేట కాలవలో ట్రాం బండి

చింతాద్రిపేటలో కన్నియప్పన్ టీ కొట్టుకు సరిగ్గా పైనే యతిరాజులు కాపురం. ఆయన భార్య తాయారు ఒకప్పుడు అయిదేళ్లు ఆ వార్డు కౌన్సిలర్. ఈసారి మళ్ళీ నిలబడి ఓడిపోయింది. ఓడినప్పట్నించీ మెట్లు దిగలేదు, వీధివైపు కిటికీ తెరవలేదు. ఎవరేం చెప్పినా "ఇంగ నాకెందుకు" అని గోడవైపు తిరిగి పడుకుంటోంది.

ఆ సాయంత్రం బెంచీ మీద ఆటో తోలే ఆంటో మాట ఎత్తాడు.

"రాజ్యాంగం సవరించినారు, చట్టం తెచ్చి ఆడవాళ్ళకు సగం వార్డులిచ్చినారు. ఏం మారింది పెద్దాయనా? బోర్డు మీద పెండ్లాం పేరు, పెత్తనం మొగుడిది."

యతిరాజులు మూసిన కిటికీ కేసి ఓసారి చూశాడు. గొంతు సవరించుకుని, వీధంతా వినబడేట్టు మొదలుపెట్టాడు.

"నిజమప్పా! ఈ వార్డుకు కౌన్సిలర్ ఎవరనుకుంటివి? నేనే! ఆమె ఉత్త సంతకం. ఈ వీధిలో నీళ్ళు రాకుంటే ఇంజనీరుకు ఒక్క కేక వేస్తి, నీళ్ళ లారీ వచ్చి నిలబడింది. అది చిన్న సంగతి, వదిలేయ్. అదో, ఆ మూల కాలవ అడ్డుకుంటే పంచె ఎగ్గట్టి నేనే దిగినా. చెయ్యి పెట్టి లాగితే ఏమొచ్చిందో తెలుసా?"

"ఏమి, ప్లాస్టిక్కేనా?" అన్నాడు కన్నియప్పన్.

"ట్రాం బండి! తెల్లదొరల కాలంది! లోపల కండక్టరు నన్నే టికెట్ అడిగినాడప్పా!"

ఆంటోకు తాగుతున్న టీ పొలమారింది. పైన కిటికీ కదల్లేదు. యతిరాజులు ఇంకా గొంతు పెంచాడు.

"ఆ బండి తీసేసరికి, కాలవ పోయి కలిసే కూవం ఏరే తేటపడింది. ఎంత తేటంటే, చేపలు పైకొచ్చి సినిమా పోస్టర్లు చదువుకుండేవి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఢిల్లీ నుంచి ఫోను. 'యతిరాజులు గారూ, రాజ్యాంగంలో ఇంకో సవరణ పెడతా ఉండాం, కామా యాడ పెట్టాలో మీరే చెప్పాల' అని. ఈ బెంచీ మీదనే కూచోని చెప్తి. అది విని ఏదో దీవిలో రాజుగారు విమానమెక్కి వచ్చేసినాడు, మా దేశానికి కూడా ఒక రాజ్యాంగం రాసిపెట్టమని. కిరీటం అదో, ఆ బిస్కెట్ డబ్బా మీదనే పెట్టినాడు..."

"రాజుగారు టీ తాగినాడా, లేదా?" అన్నాడు కన్నియప్పన్.

"తాగి, 'ఆ కాలవ బాగు చేసింది మీరేనా' అని నా చెయ్యి పట్టుకున్నాడు. నేనే, నేనొక్కణ్ణే అంటి!"

కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది.

"ఏమండీ! ఆ కాలవ దగ్గర మీరు యాడ ఉండారు?" తాయారు గొంతు. "తుండుగుడ్డ ముక్కుకు కట్టుకోని వీధి కొసన నిలబడి ఉంటిరి కదా!"

చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి మెట్లు దిగి వచ్చేసింది.

"విను ఆంటో. ఈయన్ను నేనెప్పుడూ కౌన్సిల్ హాలు గేటు దాటనియ్యలా. మొదటి రోజు లేచి నిలబడితే నాకు నోరు పెగల్లేదు, అందరూ నవ్వినారు. మర్నాడు మళ్ళీ లేచి, మా కాలవ సంగతి తేల్చిందాకా కూచోనంటి. పనివాళ్ళు దిగిందాకా ఆ మూలనే ఉంటి. సంతకమంట, సంతకం!"

ఆంటో లేచి ఆమెకు చోటిచ్చాడు.

"అక్కా, మా సందులో మళ్ళీ మురికినీళ్ళు ఇంట్లోకి వస్తా ఉండాయి. ఓడిపోయినారు కదా, మిమ్మల్ని ఎట్ల అడగాలని..."

"శ్రీప్రియతో చెప్పినావా? గెలిచింది ఆమె కదా."

"ఆమెకే ఆఫీసులో ఎవరూ బదులు చెప్పడం లేదంట."

కౌన్సిల్లో తనను చూసి నవ్విన నవ్వులు తాయారుకింకా గుర్తున్నాయి.

"పొద్దున్నే ఆమెను రమ్మను. ఆఫీసుకు నేనూ తోడు పోతా. ఇద్దరం నిలబడితే ఎట్ల చెప్పరో చూస్తాం."

కన్నియప్పన్ ఆమెకు టీ అందించాడు. ఒక గుక్క తాగి మొగుడి కేసి తిరిగింది.

"అది సరే, అంత గట్టిగా ఎందుకు అరిచినారు? పక్కనే కదా వాళ్ళు కూచోని ఉండేది?"

యతిరాజులు కిటికీ కేసి చూపించాడు.

"నీకు వినబడదేమో అని."