ప్రాక్టికల్‌గా పూడ్చిన గుంత

లేవయ్యా, తుషార్ బాపూ! వాకిట్ల మురుగు మోరీ గట్టు మీద కాళ్లు వేలాడేసుకొని కూసోనీకి నీకు ఇయ్యాల్నే దొరికిందా? ఇస్త్రీ అంగీ తొడిగింది దోమలకు చూపియ్యనీకా?

పిల్ల తరపోళ్లు కొంతం చౌక్ దాటిండ్రట. నీ కొడుకు తుషార్ ఫోన్ చేసిండు. పెండ్లిపిల్ల ప్రాజక్త, వాళ్ల నాయిన, మేనమామ, అంతా ఒక్క ఆటోలనే. మన ఇల్లు చూడనీకి వస్తున్నరు. ఇల్లయితే ఉన్నకాడనే ఉన్నది. పెండ్లికొడుకు తండ్రే మోరీల ఉన్నడు.

ఏంది, లోపల జాగ లేదా? అంత పెద్ద సోఫా తెచ్చినం గద! నీ మగ్గం విప్పి, నువ్వు కాళ్లేసే గుంత పూడ్చి, టైల్స్ ఏసి, సరిగ్గ దాని మీదనే పెట్టినం. ఇంకేం కావాలె?

తుషార్ తప్పేం అన్నడు? “బాపూ, జర ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఇంటికి పావణే-చుట్టాలు వస్తే హాల్ నడుమ గుంత ఎట్ల చూపిస్తం?” అన్నడు. నేనైతే మేస్త్రికి చాయ్ పెట్టిన, అంతే.

ఆ మాటకు అర్థమేందో తెల్వక పక్కింటి ప్రతీక్షను అడిగిన. కాలేజీకి పోతది గద. “ఉన్న పరిస్థితి చూసి, పని అయ్యేటట్టు ఆలోచించుడు పెద్దమ్మా” అన్నది. మంచి మాటే! మన దాజీ పేట్ల అందరూ మంచిగనే వాడుతరు. ఎవరు వాడినా, పక్కకు జరగాల్సింది మాత్రం అవతలి మనిషే.

శ్రీధర్ సేట్‌ను చూడు. “ఇప్పుడు చేమగ్గం చద్దర్లు ఎవరు కొంటరు రాజారాం? ప్రాక్టికల్‌గా ఉండు” అని నీకు నూలిచ్చుడు బంద్ జేసిండు. ఆయన బంగ్లాల గోడకు మాత్రం నువ్వు నేసిన చద్దరే ఉంటది. అమ్మనీకి పనికిరాదట, వచ్చినోళ్ల ముందర గొప్పలు చెప్పుకోనీకి పనికొస్తదట.

ఎదురింటి అనసూయ ఏమన్న తక్కువనా? వాళ్ల అత్త మంచాన్ని మెట్ల కిందికి నూకింది. “అక్కడ సల్లగుంటది చంద్రభాగక్కా, ప్రాక్టికల్‌గా ఆలోచించిన” అని నాతోనే అన్నది. అంత సల్లగుంటే తానెందుకు పండదో! కూలర్ ముందట పండుకొని ఇంకా ఆలోచిస్తున్నట్టున్నది.

సరే, వాళ్ల ముచ్చట మనకెందుకు? లే.

ఏందీ... కాళ్లా? తెల్సు. సోఫా మీద మడిస్తే మడవరావు, చాపితే నిలవవు. కుర్చీల కూసోబెట్టినం, గడప మీద కూసోబెట్టినం. జిందగీ అంతా గుంతల కాళ్లేసి నేసినోనికి, కాళ్ల కింద ఇంత లోతు లేకపోతే నడుమే నిలవదట. ఈ సంగతి టైల్స్ ఎయ్యకముందు ఒక్కరికీ యాదికి రాలే. ఇంతమంది ప్రాక్టికల్ మనుషులం ఉండి!

జర కిందికి చూస్కో. ఊరికే ఉన్నయా అవి? ఒకటి దిగుతది, ఒకటి లేస్తది. మోరీల ఏం నేస్తున్నవయ్యా?

పిల్లోళ్లకు నీ కొడుకు ఏం చెప్పిండో తెల్సా? “మా బాపు టెక్స్‌టైల్ లైన్ల ఉండె, ఇప్పుడు రిటైర్” అని. వాళ్లు కళ్లద్దాలు పెట్టుకొని పేపర్ చదివేటాయన కోసం చూస్తరు. నిన్ను ఇట్ల చూసి సంబంధం వద్దంటే? ఆ పిల్లంటే వానికి పానం. తప్పిపోతే నిన్ను జన్మల మాఫ్ చెయ్యడు. ఎరుకేనా?

ఎరుకే. మరి లేవరాదూ?

...లేవస్తలేదా? ఎప్పటిసంది? అరె, ముందే చెప్పొద్దా! ఇంతసేపు నన్ను ఒర్రనిస్తివి. ఏదీ, చెయ్యియ్యి. అబ్బ... వద్దులే, ఇద్దరం పడ్తం.

అగో, ఆటో మన గల్లీలకు మలిగింది.

జరుగు. నాకింత జాగియ్యి. బీడీలు చుట్టి చుట్టి మడిచిన కాళ్లాయె నావి. నీవి పైకి రావు, నావి కిందికి దిగవు. పట్టుకో... ఆఁ, కూసున్న.

నవ్వకు. దిగుతున్నరు. అత్తమామలు ఎట్లుంటరో పిల్ల ముందే చూసుకోనీ. రేపు ఆ సోఫా మీద కూసొని ఆమెనే ఆలోచిస్తది, మనల్ని యాడ పెట్టాలెనో.